ముందుమాట: రెండు కాగితాలు, ఒకే నిజం

రోడ్డు ప్రమాదంలో దెబ్బతిన్న మనిషి తన దెబ్బ గురించి చాలామందికి చెప్పుకోవలసి వస్తుంది. ఎఫ్‌ఐఆర్ రాసుకునే పోలీసుకు ఒకసారి, గాయాల సర్టిఫికెట్ రాసే డాక్టరుకు ఒకసారి, సదరం క్యాంపులో శాతం తేల్చే వైద్యులకు ఒకసారి, ఇంటికొచ్చి ఆరా తీసే ఇన్సూరెన్సు మనిషికి ఒకసారి, చివరికి పరిహారం తేల్చే ట్రిబ్యునల్ బోనులో నిలబడి మరోసారి. ఎవరి కాగితానికి కావలసినంత వాళ్లు అడుగుతారు. బండి నంబరెంత, ఎముక ఎక్కడ విరిగింది, ఎంత ఖర్చయింది, బిల్లులున్నాయా అని. అది వాళ్ల పని, తప్పు పట్టలేం. కానీ ఇంత జరిగాక నీ బుద్ధికి ఏం తోచింది, లోకం నీకు ఎలా కనబడింది అని అడిగే కాగితం వాటిలో ఒక్కటీ ఉండదు. న్యాయశాస్త్రం చదవాలనుకునే పిల్లలను కొన్ని విశ్వవిద్యాలయాలు రాయమనే పర్సనల్ స్టేట్‌మెంట్‌లో ఆ ప్రశ్న ఉంది. దానికి నిజాయితీగా జవాబు రాయడం ఎలాగో చెప్పే పుస్తకం ఇది. తెలుగులో ఇలాంటి పుస్తకం ఇంతవరకు నా కంటపడలేదు.

రచయిత్రి ధర్మవరం చేనేత ఇంటి బిడ్డ. ఇంటర్ చదివే రోజుల్లో పెనుకొండ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి మీద ప్రమాదంలో కాలు పోగొట్టుకునేంత పని అయింది. ఆమె కేసు వకాలత్ నాది. హిందూపురంలో నా ఆఫీసుకు వాళ్ల నాయన భుజం పట్టుకుని మెట్లెక్కి వచ్చిన సంగతి ఆమే ఈ పుస్తకంలో రాసింది. తర్వాత లా చదివింది, నా దగ్గర జూనియర్‌గా పని నేర్చుకుంది, ఇప్పుడు పెనుకొండ కోర్టులో సొంతంగా ప్రాక్టీసు చేస్తోంది. వకీలుగా ఆమె గురించి నాకు తెలిసింది ఇంకా ఉంది. కానీ ఆమె రాసినదానికి మించి ఒక్క మాట కూడా నేనిక్కడ చేర్చను. తన గాయం గురించి ఎవరికి ఎంత చెప్పాలో తేల్చుకునే హక్కు గాయపడిన మనిషిదే. పుస్తకం మొదటి అధ్యాయం చెప్పేది కూడా ఇదే.

మన పిల్లలకు ఈ స్టేట్‌మెంట్ కొత్త. రాష్ట్ర లా ప్రవేశ పరీక్ష లాసెట్‌లో 120 ప్రశ్నలు. జాతీయ స్థాయి పరీక్ష క్లాట్‌లోనూ ఇప్పుడు 120 ప్రశ్నలే. రెండింటిలోనూ ఇచ్చిన జవాబుల్లో ఒకటి గుర్తించి రావడమే. నీ గురించి నువ్వు చెప్పు అని ఎవరూ అడగరు. బయటి దేశాల పద్ధతి వేరు. బ్రిటన్‌లో డిగ్రీ కోర్సులకు యూకాస్ ద్వారా దరఖాస్తు పెట్టేవాళ్లు 4,000 అక్షరాలకు మించకుండా తమ గురించి రాయాలి. 2026 ప్రవేశాల నుంచి దాన్ని మూడు ప్రశ్నలుగా విడగొట్టారు: ఈ కోర్సే ఎందుకు, ఇంతవరకు చదివిన చదువు నిన్ను దీనికి ఎలా సిద్ధం చేసింది, చదువుకు బయట ఏం చేశావు. అమెరికా లా స్కూళ్లు మామూలుగా రెండు పేజీల వ్యాసం అడుగుతాయి. మన దేశంలోనూ కొన్ని ప్రైవేటు విశ్వవిద్యాలయాలు, స్కాలర్‌షిప్పులిచ్చే సంస్థలు అడుగుతున్నాయి. పన్నెండో తరగతి దాకా 'నేను' అని మొదలుపెట్టి ఒక పేరా రాయని పిల్లవాడికి ఒక్కసారిగా రెండు పేజీలు రాయమంటే ఏం చేస్తాడు? డబ్బు తీసుకుని ఇలాంటి స్టేట్‌మెంట్లు రాసిపెట్టే కన్సల్టెన్సీకి వెళతాడు. లేదా కంప్యూటర్ చేత రాయిస్తాడు. రెండు చోట్లా వచ్చేది ఒకే రకం సరుకు. అందులో మనిషి ఉండడు.

ఈ పుస్తకంలో మూడు భాగాలున్నాయి. మొదటి భాగంలో రచయిత్రి తన స్టేట్‌మెంట్‌ను, దానికి ముందు రాసి పక్కన పెట్టిన చిత్తుప్రతులను ఉన్నవి ఉన్నట్టు ఇచ్చింది. రెండో భాగం రాసే పద్ధతి గురించి. మూడో భాగంలో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల పిల్లలతో కూర్చుని వాళ్ల చేత రాయించిన అనుభవాలు, పేర్లు లేకుండా.

మొదటి చిత్తుప్రతి చదివితే ఎవరికైనా గుండె బరువెక్కుతుంది. రాత్రి, లారీ లైట్లు, రోడ్డు మీద చెల్లాచెదురైన పుస్తకాలు, అమ్మ ఏడుపు, మత్తుమందు వాసన. నడుమ నడుమ విధి, కన్నీటి సంద్రం, అలుపెరుగని పోరాటం. కాలేజీలో లెక్చరర్లు చాలా బాగుందన్నారట. ఆ ప్రతి అంచున తను పెన్సిలుతో రాసుకున్న మాటను కూడా ఆమె అచ్చు వేయించింది: "దీంట్లో లారీ ఉంది, ఆసుపత్రి ఉంది. నేను యాడుండాను?" పద్దెనిమిదేళ్ల పిల్ల తన రాత మీద తానే అడిగిన ఈ ప్రశ్న పుస్తకం మొత్తానికీ పునాది. ప్రమాదం ఆమెకు జరిగినది, ఆమె చేసినది కాదు. లా కాలేజీ తెలుసుకోవాలనుకునేది ఆమె చేసినది, ఆలోచించినది.

రెండో చిత్తుప్రతి ఇంకో కొసకు వెళ్లింది. అందులో బాధే లేదు. అన్నిటినీ జయించాను, ఇప్పుడు నాకు ఏ లోటూ లేదు, ఏదైనా సాధించగలను అని నిండా ధైర్యం. ఇది కూడా మన సభల్లో చప్పట్లు కొట్టించే రకమే. ఈ ప్రతిని ఆమె ఎందుకు పక్కన పెట్టిందో చెప్పే పేజీలు నాకు చాలా విలువైనవిగా అనిపించాయి. అక్కడికి వచ్చే ముందు ట్రిబ్యునల్ వరండా సంగతి ఒకటి చెప్పాలి.

తన కేసు పిలుస్తారని ఆమె బయట బెంచీ మీద కూర్చుని ఉంది. లోపల ధర్మవరం నేతగాడొకాయన బోనులో ఉన్నాడు. కుడికాలు దెబ్బతిన్న మనిషి. సర్టిఫికెట్‌లో 40 శాతం అని ఉంది. అవతలి వకీలు క్రాస్ ఎగ్జామినేషన్ చేస్తూ, నలభై పోతే అరవై శాతం బాగున్నట్టే కదా, పని చేసుకోవచ్చు కదా అన్నాడు. నేతగాడు కాసేపు ఊరకుండి, "కాలు ఆడకుంటే మగ్గం ఆడదు సార్. అరవై శాతం నేసిన చీర ఎవురు కొంటారు?" అన్నాడు.

చేనేత ఇంట పుట్టిన పిల్లకు ఆ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. గుంట మగ్గంలో నేతగాడు గుంటలోకి కాళ్లు దించి కూర్చుంటాడు. కాలితో తొక్కితేనే పడుగు పోగులు పైకీ కిందికీ విడిపోతాయి. ఆ సందులో నాడె అటూ ఇటూ తిరిగితేనే పేక పడుతుంది. రెండు చేతులూ బంగారంలా ఉన్నా కాలు తొక్కకపోతే చీర లేదు. మూడో ప్రతి, అంటే చివరికి పంపిన స్టేట్‌మెంట్, ఈ నేతగాడి జవాబుతో మొదలవుతుంది. శాతం అంటే దేనిలో శాతం? ఒంటిలోనా, బతుకుతెరువులోనా? ఎవరు కొలిచారు, ఏ పని చేసే మనిషిని మనసులో పెట్టుకుని కొలిచారు? ఈ ప్రశ్నలకు జవాబు తెలుసుకోవాలని నేను లా చదవాలనుకుంటున్నాను అని ఆమె రాసింది. తన కాలి ప్రస్తావన రెండో పేరాలో, నాలుగు వాక్యాల్లో వస్తుంది. అంతే.

ఆమె అడిగిన ప్రశ్న చిన్నపిల్ల ప్రశ్న కాదు, మన సుప్రీంకోర్టు వేసుకున్న ప్రశ్న. రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో 2010లో జస్టిస్ ఆర్.వి. రవీంద్రన్ రాసిన తీర్పు ప్రమాద పరిహారం కేసులు చూసే ప్రతి వకీలు టేబుల్ మీదా ఉంటుంది. డాక్టరు చెప్పే శరీర వైకల్యం శాతం, ఆ మనిషి సంపాదన శక్తిలో పడిన నష్టం శాతం ఒకటి కావని ఆ తీర్పు విడమరచింది. ఎడమచెయ్యి పోయిన డ్రైవరుకో వడ్రంగికో నష్టం దాదాపు నూరు శాతం కావచ్చు. అదే చెయ్యి పోయిన ప్రభుత్వ గుమాస్తాకు ఉద్యోగం పోకపోవచ్చు. చెయ్యి కోల్పోయిన ఒక డేటా ఎంట్రీ ఆపరేటర్ విషయంలో 2020 సెప్టెంబరులో పప్పుదేవ్ యాదవ్ కేసులో జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు, జస్టిస్ కృష్ణమురారి, జస్టిస్ రవీంద్రభట్‌ల ధర్మాసనం ఇదే దారిలో నడిచి, మూసలో పోసినట్టు లెక్కకట్టడం సరికాదని చెప్పింది. స్టేట్‌మెంట్ రాసేనాటికి ఈ అమ్మాయికి ఈ తీర్పుల పేర్లు కూడా తెలియవు. మగ్గం తెలుసు. మగ్గం తెలిసినందువల్ల చట్టంలోని అసలు ప్రశ్న దగ్గరకు సొంత కాళ్ల మీద నడిచి వచ్చింది. ప్రవేశాల కమిటీలో కూర్చున్నవాళ్లు వెతికేది ఇలాంటి చూపు కోసమే.

ఇప్పుడు రెండో చిత్తుప్రతి సంగతి. వకీలుగా ఈ విషయం మీద పాఠకులు కాస్త నిలబడి ఆలోచించాలని కోరుతున్నాను. గాయపడిన పిల్లవాడి చేతిలో ఒకేసారి రెండు కాగితాలుంటాయి. ఒకటి ట్రిబ్యునల్‌కు ఇచ్చే అఫిడవిట్. అందులో నష్టాన్ని ఎంత పెద్దది చేసి చూపితే అంత మంచిదని చుట్టూ ఉన్నవాళ్లు చెబుతారు. నడవలేను, కూర్చోలేను, ఎవరో ఒకరు లేకపోతే క్షణం గడవదు అని రాయించేస్తారు. రెండోది కాలేజీకి పంపే స్టేట్‌మెంట్. అందులో కోలుకున్నదాన్ని ఎంత పెద్దది చేస్తే అంత మంచిదంటారు. ఏ లోటూ లేదు, అందరికంటే ముందున్నాను అని రాయించేస్తారు. ఒకే నెలలో, ఒకే చేత్తో, ఒకే కాలు గురించి రెండు అబద్ధాలు. రేపు కేసులో ఆ స్టేట్‌మెంట్ ఎవరైనా బయటపెట్టి చదివితే ఏమవుతుందన్న భయం ఒకటి ఉండనే ఉంది. దానికంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. న్యాయవాది కావాలనుకునే మనిషి, చోటును బట్టి నిజం మార్చుకోవచ్చన్న పాఠంతో తన చదువు మొదలుపెడుతున్నాడు.

రచయిత్రి దీనికి కనిపెట్టిన మార్గం చాలా సూటిగా ఉంటుంది. తన స్థితిని రెండు కాగితాల్లోనూ ఒక్క అక్షరం మారకుండా నిలబడే రెండు వాక్యాల్లో రాసుకుంది: "గంటసేపు కూర్చుంటే నా మోకాలు బిగుసుకుంటుంది. లేచి పది నిమిషాలు నడిస్తే మళ్లీ కూర్చోగలను." ఈ రెండు వాక్యాలూ ఆమె అఫిడవిట్‌లో ఉన్నాయి, స్టేట్‌మెంట్‌లోనూ ఉన్నాయి. ట్రిబ్యునల్ జడ్జికి ఇందులో నష్టం కనబడుతుంది. కాలేజీ వాళ్లకు ఇందులో చదవగల మనిషి కనబడుతుంది. క్రాస్‌లో ఎవరూ కదిలించలేరు. నేను పిల్లలకు ఈ పుస్తకం నుంచి ఒక్క పేజీ మాత్రమే చదివి వినిపించాల్సి వస్తే ఈ పేజీ వినిపిస్తాను. ఏం చేయలేను, ఏం చేయగలను, ఎంతసేపు, దేని సాయంతో అన్న నాలుగు సంగతులు చెప్పిన తర్వాత జయించాను, పోరాడాను, ఓడిపోయాను వంటి పెద్దమాటల అవసరం ఉండదు.

గాయం గురించి పదిమందిలో ఎలా మాట్లాడాలో చూపించిన మనిషి ఒకరు మన తెలుగు నేల మీదే ఉన్నారు. పుస్తకంలో ఆయన గురించి ఒక అధ్యాయమే ఉంది. ప్రశాంత్ ధనంక ఇంజనీరింగ్ చదివే 20 ఏళ్ల వయసులో, 1990లో, ఛాతీలో గడ్డకు హైదరాబాదు నిమ్స్‌లో శస్త్రచికిత్స చేయించుకున్నారు. ఆ తర్వాత నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. కేసు జాతీయ వినియోగదారుల కమిషన్ దాటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అక్కడ ఆయన చక్రాల కుర్చీలో కూర్చుని తన కేసు తానే వాదించుకున్నారు. 2009 మే 14న జస్టిస్ బి.ఎన్. అగ్రవాల్, జస్టిస్ హెచ్.ఎస్. బేడీ, జస్టిస్ జి.ఎస్. సింఘ్వీల ధర్మాసనం నిర్లక్ష్యం జరిగిందని తేల్చి, కోటి రూపాయలు, దాని మీద వడ్డీ చెల్లించమని తీర్పునిచ్చింది.

ఆ తీర్పులో పిల్లలు చదవవలసినవి రెండున్నాయి. ఒకటి, అంకెలు. నర్సు కోసం నెలకు 4,000 చొప్పున 30 ఏళ్లకు 14 లక్షల 40 వేలు, ఫిజియోథెరపిస్టుకు నెలకు 3,000 చొప్పున 10 లక్షల 80 వేలు, డ్రైవరుగా, సహాయకుడిగా ఉండే మనిషికి నెలకు 2,000 చొప్పున 7 లక్షల 20 వేలు. ఒక మనిషి బాధను కోర్టు అతని రోజువారీ అవసరాల్లోకి దించి చూసింది. స్టేట్‌మెంట్ రాసేవాళ్లు నేర్చుకోవలసింది అదే. వర్ణన వదిలి, తెల్లవారి లేచినప్పటి నుంచి ఏం మారిందో రాస్తే చాలు. రెండోది, తీర్పు చివర న్యాయమూర్తులు ఆయన గురించి ప్రత్యేకంగా రాసిన మాట. లోపల ఎంతో బాధ ఉన్నట్టు తెలుస్తున్నా, తనకు హాని చేశారని తాను నమ్మిన వాళ్ల మీద ఒక్క పరుషవాక్యం లేకుండా, నిబ్బరంగా, హుందాగా వాదించారని వాళ్లు మెచ్చుకున్నారు. కోపం ఉండటం తప్పు కాదు. కానీ కోపాన్ని వాదనగా మార్చగలిగినవాడే వకీలు. ప్రమాదానికి కారణమైన డ్రైవరును తిట్టడానికి రెండు పేజీల్లో ఒక పేరా ఖర్చుపెట్టే పిల్లలకు రచయిత్రి ఈ అధ్యాయం చూపించి, ఆ పేరా కొట్టేయిస్తుంది. ఆమెను నేను మనసారా అభినందించే పని ఇది.

రాసే పద్ధతి చెప్పిన రెండో భాగంలో పనికొచ్చే సూచనలు చాలా ఉన్నాయి. ఆసుపత్రిలో ఉన్న కాలంలో మార్కులు తగ్గితే, ఒక ఏడాది పోతే, ఆ సంజాయిషీ స్టేట్‌మెంట్‌లో పెట్టకూడదు. అమెరికా లా స్కూళ్లు దానికోసం విడిగా చిన్న అనుబంధం జతచేయనిస్తాయి. తేదీలు, కారణం, ఆ తర్వాత వచ్చిన మార్కులు అందులో నాలుగు వాక్యాల్లో చెప్పి ఊరుకోవాలి. అక్కడి చట్టం ప్రకారం నీకు వైకల్యం ఉందా అని ప్రవేశానికి ముందు కాలేజీ అడగకూడదు. కాబట్టి చెప్పడం, మానడం అభ్యర్థి ఇష్టం. చెప్పదలచుకోకపోతే గాయం మాట లేకుండానే మంచి స్టేట్‌మెంట్ రాయవచ్చునని ఆమె ధైర్యంగా చెప్పింది. గాయం గురించిన పుస్తకంలో ఈ సలహా ఇవ్వడానికి పెద్దమనసు ఉండాలి.

హక్కుల అధ్యాయాన్ని తల్లిదండ్రులు తప్పక చదవాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లకు ప్రభుత్వ, ప్రభుత్వ సహాయం పొందే ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు, వయోపరిమితిలో ఐదేళ్ల సడలింపు ఇచ్చింది. 40 శాతం రాని వాళ్లకు కూడా అవసరముంటే పరీక్షలో రాసిపెట్టే మనిషిని ఇవ్వాలని 2021 ఫిబ్రవరిలో వికాస్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చూపు లేదన్న కారణంతో జడ్జి ఉద్యోగాల నుంచి ఎవరినీ తప్పించకూడదని 2025 మార్చి 3న తీర్పు వచ్చింది. ఇవి తెలిసిన పిల్లవాడి స్టేట్‌మెంట్ తీరే మారిపోతుంది. సీటు చట్టం ఇచ్చిన హక్కు అని తెలిశాక జాలి కోసం రాయవలసిన పని ఉండదు. ఆలోచన చూపించడానికి చేయి ఖాళీ అవుతుంది.

మూడో భాగంలో నన్ను కట్టిపడేసింది ఒక ఫ్యాక్టరీ కుర్రవాడి అధ్యాయం. హిందూపురం దగ్గర పనిచేస్తూ యంత్రంలో చేతివేళ్లు పోగొట్టుకున్నాడు. రాయమంటే మొదట మొరాయించాడు. "నాకు ఇంగ్లీషు రాదక్కా, నా కత ఎవురికి కావాల?" అన్నాడట. ఆమె అతని చేత కథ రాయించలేదు. 1923 నాటి కార్మికుల పరిహార చట్టంలోని పట్టిక తీసి ముందు పెట్టింది. బొటనవేలు మొత్తం పోతే 30 శాతం, చూపుడువేలు మొత్తం పోతే 14 శాతం అని ఉండేది అందులో. కుర్రవాడు ఆ పట్టికను రాత్రంతా చదివి, ఏ వేలుతో తాను ఏ పని చేసేవాడో పక్కన రాసుకుని వచ్చాడు. ఏ వేలు ఎంత ముఖ్యమో యంత్రాన్ని బట్టి మారుతుందని, నూరేళ్ల కిందటి పట్టికకు తన యంత్రం తెలియదని అతను పట్టుకున్నాడు. చట్టం ఎందుకు చదవాలనుకుంటున్నావన్న ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు పెద్ద పెద్ద బళ్లలో చదివిన పిల్లల దగ్గరా నేను వినలేదు. పట్టికను ముందు పెట్టి కుర్రవాడి బుర్రకు పని చెప్పిన ఈ పద్ధతి రచయిత్రి సొంతం. కన్నీళ్లు అడగకుండా ఆలోచన అడగడమే దాని రహస్యం.

కుటుంబం గురించిన పేజీలు కూడా నాకు నచ్చాయి. చేనేత ఇంట్లో ఒకరు మంచాన పడితే ఇద్దరి పని ఆగుతుంది. తల్లి కండెలు చుట్టడం మానేసి బిడ్డ దగ్గర కూర్చుంటే తండ్రి మగ్గానికి నూలు అందదు. ఆ నెలల్లో అమ్మ పోగొట్టుకున్న కూలికి ఏ అఫిడవిట్‌లోనూ గడి లేదని ఆమె రాసింది. అమ్మ దేవత అని పొగిడి వదిలేయకుండా, ఆమె శ్రమను శ్రమగా లెక్కించి చూపడం ఈ పుస్తకానికి గౌరవం తెచ్చింది.

పెద్దవాడిగా రెండు సూచనలు చేస్తాను. రోడ్డు ప్రమాదానికి ట్రిబ్యునల్ ఉంది, ఫ్యాక్టరీ ప్రమాదానికి చట్టం ఉంది. సొంత మగ్గం మీద, సొంత చేనులో దెబ్బతిన్నవాళ్లకు వెళ్లడానికి అలాంటి గుమ్మం లేదు. అలాంటి ఇళ్ల పిల్లల స్టేట్‌మెంట్లు మలి ముద్రణలో చేరాలి. చట్టం చేరని చోటు గురించి రాయగల పిల్లలు వాళ్లే. ఇంకొకటి, ప్రతి నమూనానూ తెలుగులో మొదట రాయించి, తర్వాత ఇంగ్లీషులోకి తెచ్చిన తీరు కూడా పక్కపక్కన అచ్చు వేస్తే బాగుంటుంది. మన పిల్లలు ముందు తమ మాటలో ఆలోచించడం నేర్చుకుంటే ఇంగ్లీషు దానంతట అదే దారికి వస్తుంది.

ఈ అమ్మాయి ఇంకా ఎన్నో పుస్తకాలు రాయాలని, పెనుకొండ కోర్టులో పేదవాళ్ల వకీలుగా పేరు తెచ్చుకోవాలని మనస్ఫూర్తిగా ఆశీర్వదిస్తున్నాను. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం జూనియర్ కాలేజీ లెక్చరర్లకు ఒక విన్నపం: ఈ పుస్తకాన్ని లైబ్రరీ బీరువాలో పెట్టి తాళం వేయకండి, పిల్లల చేతికివ్వండి. పరిహారం కేసులు చూసే తోటి వకీళ్లకు ఇంకొకటి: మీ దగ్గరకు వచ్చే గాయపడిన పిల్లలను బిల్లులు అడిగాక, ఏం చదువుతున్నావని కూడా అడగండి.

ఇక స్టేట్‌మెంట్ రాయబోయే పిల్లలకు. మన దావా పత్రాల చివర ధ్రువీకరణ అని ఒక పేరా ఉంటుంది. పైన రాసినవన్నీ నాకు తెలిసినంతవరకు నిజమని ఒప్పుకుని కక్షిదారు దాని కింద సంతకం పెడతాడు. మీ స్టేట్‌మెంట్ కింద ఎవరూ ఆ సంతకం అడగరు. అయినా పంపే ముందు ప్రతి వాక్యాన్నీ బోనులో నిలబడి చెప్పగలరా అని చూసుకోండి. చెప్పలేని వాక్యాన్ని కొట్టేయండి. మిగిలింది ఒక పేజీయే అయినా సరే, ధైర్యంగా పంపండి.